పాత రాక్ కచేరీ క్యాసెట్లు: జనం గోలతో సహా దక్కించుకోవడం ఎలా

మీ ప్రశ్నను ముందు రెండు ముక్కల్లో చెబుతాను, తరవాత చదివేవాళ్లకి ఉపయోగపడుతుంది. బరంపురంలో ఉంటున్న మీ పెదనాన్నగారు 1980లలో ఉద్యోగం మీద బొంబాయిలో ఉన్నప్పుడు రాక్ కచేరీలకు వెళ్లేవారు. చేతి టేప్ రికార్డరు సంచిలో పెట్టుకెళ్లి అక్కడ మోగినదంతా రికార్డు చేసుకునేవారు. ఆ క్యాసెట్లు, కొన్ని టికెట్లు, ఒక టీషర్టు ట్రంకు పెట్టెలో బయటపడ్డాయి. కొన్ని క్యాసెట్లలో రీలు మీద తెల్లటి మచ్చలున్నాయి, ఒకదాని అట్ట మీద "ఢిల్లీ 88" అని రాసి ఉంది. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, జనం గోల తీసేసి, పాట మాత్రం శుభ్రంగా మిగిల్చి, ఆయన డెబ్భయ్యో పుట్టినరోజుకి వినిపించాలని మీ కోరిక.

ఎక్కించడం, శుభ్రం చేయడం, వినిపించడం అన్నీ ఇంట్లోనే అవుతాయి. గోల మాత్రం తీయకండి. ఆ పాటల స్టూడియో రికార్డింగులు ఇవాళ ఫోన్లో ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరుకుతాయి. ఈ క్యాసెట్లలో మాత్రమే ఉన్నది ఆ సాయంత్రం: పక్కవాడి ఈల, మైకు సరిచేస్తున్న చప్పుడు, గిటారు మొదటి తీగ మోగగానే ఏ పాటో పట్టేసిన జనం కేక. పెదనాన్నగారు వినాలనుకునేది అదే. కింద రాసిందంతా దాన్ని చెడకుండా బయటికి తీయడం గురించే.

మొట్టమొదటి మాట: ఏ క్యాసెట్టునీ ఇప్పుడే ప్లేయర్లో పెట్టకండి. ముందు ప్రతి క్యాసెట్టుకీ వెనక అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కల్ని స్క్రూడ్రైవరుతో విరిచేయండి. అవి ఉంటే రికార్డు బటన్ పనిచేస్తుంది. హడావిడిలో ఎవరైనా తప్పు బటన్ నొక్కితే ఆ కచేరీ ఇంక లేనట్టే. ఈ పని పది నిమిషాల్లో అయిపోతుంది.

తరవాత ఒక్కో క్యాసెట్టుని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని కిటికీలోంచి రీలు చుట్ట అంచు చూడండి. నున్నగా, ఒకే గోధుమ రంగులో ఉంటే మంచిది. తెల్లటి పొడి చుక్కలో, సాలెగూడులాంటి పోగులో కనబడితే బూజు. గోపాల్‌పూర్ తీరానికి అంత దగ్గర ఊళ్లో జూన్ నుంచి అక్టోబరు దాకా గాలిలో చెమ్మ విపరీతం కాబట్టి ఇది ఊహించదగ్గదే. 1999 అక్టోబరు తుపాను, 2013 పైలిన్, 2018 తిత్లీ, వీటిలో దేనికైనా ఆ గదిలోకి నీళ్లొచ్చాయేమో ఇంట్లో అడిగి తెలుసుకోండి. ఒకసారి తడిసి ఆరిన క్యాసెట్టులో రీలు పొరలు ఒకదానికొకటి అంటుకుని ఉండొచ్చు. అలాంటిదాన్ని వేగంగా తిప్పితే పైపూత ఊడి వస్తుంది.

బూజు ఉన్నవాటిని వెంటనే వేరే సంచిలో పెట్టండి. బూజు క్యాసెట్టుని ఒక్కసారి ఆడించినా అది ప్లేయరులో రీలుని చదివే హెడ్డుకీ రోలర్లకీ అంటి, తరవాత పెట్టిన మంచి క్యాసెట్లకి పాకుతుంది. ముందు ఆరబెట్టాలి. మూత గట్టిగా పట్టే 10-15 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, అందులో 200 గ్రాముల సిలికా జెల్, ఒక చిన్న డిజిటల్ హైగ్రోమీటరు పెట్టి, లోపలి తేమ 40 శాతానికి దిగాక అయిదారు రోజులు అలాగే ఉంచండి. ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయ్యరు కొట్టడం వద్దు. సన్నటి ప్లాస్టిక్ పట్టీ వేడికి సాగిపోతుంది, సాగినది మళ్లీ దగ్గరికి రాదు. ఆరితే బూజు జిడ్డుతనం పోయి పొడిగా మారుతుంది, అప్పుడు తేలిగ్గా రాలుతుంది. తడిగా ఉన్నప్పుడు తుడిస్తే మరింత పులుముకుంటుంది.

ఆరాక డాబా మీదో పెరట్లోనో కూర్చుని, ఎన్-95 మాస్కు పెట్టుకుని పని మొదలుపెట్టండి. క్యాసెట్టు పైడొప్పకి, అంటే షెల్‌కి, అయిదు స్క్రూలుంటే విప్పడం సులువు. స్క్రూలు లేకుండా అతికించిన రకమైతే అతుకు వెంబడి సన్నటి బ్లేడు దూర్చి కొద్దికొద్దిగా విడదీయాలి. ఆ షెల్ మళ్లీ పనికిరాదు కాబట్టి స్క్రూల రకం ఖాళీ క్యాసెట్టు ఒకటి ముందే సిద్ధంగా ఉంచుకోండి. పై మూత ఎత్తగానే ఏమీ కదపకుండా ఫోటో తీయండి. రీలు ఏ రోలరు చుట్టూ ఎటు నుంచి వెళ్తోందో, పల్చటి జారుడు కాగితాలు పైన కింద ఎలా ఉన్నాయో, ఫెల్టు దిండు ఎక్కడుందో మళ్లీ కూర్చేటప్పుడు ఆ ఫోటోయే దిక్కు. రీలు చుట్టని ఒంటిచేత్తో ఎత్తితే మధ్యలోంచి జారి 135 మీటర్ల పట్టీ నేలపాలవుతుంది. రెండు అరచేతుల మధ్య పట్టుకోవాలి. చుట్ట అంచుల మీది పొడిని మెత్తని పొడి బ్రష్షుతో మధ్య నుంచి బయటికి తుడవండి. రీలు మీద స్పిరిట్టు, ఆల్కహాలు ఏదీ పెట్టొద్దు. తరవాత పనికిరాని పాత టూ-ఇన్-వన్ ఒకటి దీనికోసమే కేటాయించి, పోగులు రాలని బట్టముక్క రీలుకి తాకీ తాకనట్టు పట్టుకుని, ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ తిప్పండి. ప్రతిసారీ బట్ట మార్చండి.

అక్కడే ఫెల్టు దిండుని కూడా చూడండి. రాగి రేకు స్ప్రింగు మీద వేలి గోరులో సగమంత ఉంటుంది. పాతబడితే జిగురు ఆరిపోయి ఊడిపోతుంది. అది లేకపోతే రీలు హెడ్డుకి ఆనదు. సింబల్స్ చప్పుడు మాయమై, శబ్దం దగ్గరికీ దూరానికీ వెళ్తున్నట్టు ఊగుతుంది. చాలామంది దీన్ని క్యాసెట్టు పోయిందని పారేస్తారు. వేరే క్యాసెట్టులోంచి స్ప్రింగుతో సహా దిండు తీసి పెడితే సరిపోతుంది. రీలు తెగి ఉంటే మామూలు సెల్లోటేపు అంటించకండి, దాని జిగురు కారి పక్క పొరలకి అంటుతుంది. రీలు అతికించడానికే చేసిన స్ప్లైసింగ్ టేపు దొరికేదాకా ఆ క్యాసెట్టుని పక్కన పెట్టండి.

ఇక ఆడించే యంత్రం. ఆన్‌లైన్లో దొరికే చౌక యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్లు కొనొద్దు. వాటిలో మోటారు నిలకడగా తిరగదు, స్వరం వణుకుతుంది. మంచి కంపెనీ పాత డెక్కు, లేదా హెడ్‌ఫోన్ సాకెట్ ఉన్న మంచి టూ-ఇన్-వన్ బంధువుల ఇళ్లలో వెతకండి. ఎక్కడో అటక మీద ఉంటుంది. పెద్ద బజారులోనో, దొరక్కపోతే విశాఖలోనో పాత రేడియో మెకానిక్కు ఎవరైనా ఉంటే చూపించి బెల్టులూ, రీలుని నొక్కిపట్టి నడిపే పించ్ రోలరూ మార్పించండి. ఇరవై ఏళ్లు కదలని యంత్రంలో బెల్టు తారులా కరిగి పుల్లీలకి అంటుకుని ఉంటుంది. ఆ జిడ్డు పూర్తిగా తుడవకుండా కొత్త బెల్టు వేస్తే అదీ జారుతుంది. పాత బెల్టు కొలత తీసుకుంటే అది సాగి ఉంటుందని గుర్తుంచుకుని, చుట్టుకొలతలో అయిదు శాతం తక్కువది అడగండి. బాగుచేయించిన యంత్రాన్ని కూడా ముందు పనికిరాని సినిమా పాటల క్యాసెట్టుతో అరగంట పరీక్షించండి. నమిలేస్తే అదే నమలాలి, కచేరీ క్యాసెట్టు కాదు.

హెడ్డు, క్యాప్‌స్టన్ అనే సన్నటి ఉక్కు కడ్డీ, రీలు నడిచే దారులు ప్రతి క్యాసెట్టు ప్రతి వైపుకీ ముందు తుడవాలి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలు మొబైల్ రిపేరు షాపుల్లో దొరుకుతుంది. ఇయర్‌బడ్ తడిపి గోధుమ రంగు అంటడం ఆగేదాకా తుడవండి. మందుల షాపు స్పిరిట్టులో నీళ్లు, ఇతర పదార్థాలు కలిసి ఉంటాయి, మరక మిగులుతుంది. రబ్బరు పించ్ రోలరుకి ఆల్కహాలు పదేపదే తగిలితే పగుళ్లొస్తాయి, దాన్ని సబ్బునీళ్ల తడి గుడ్డతో తుడిచి ఆరబెట్టండి.

చాలామంది పట్టించుకోనిదీ ఎక్కువ ఫలితం ఇచ్చేదీ హెడ్డు వాలు సరిచేయడం. దీన్ని అజిమత్ అంటారు. హెడ్డు పక్కన చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది, తరచూ దాని మీద రంగు చుక్క ఉంటుంది. పెదనాన్నగారి చేతి రికార్డరు హెడ్డు ఏ వాలులో ఉండి రికార్డు చేసిందో మీ డెక్కు హెడ్డు అదే వాలులో ఉండాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా పైస్థాయి శబ్దాలన్నీ మసకబారతాయి. ముందు స్క్రూ ఇప్పుడున్న స్థానాన్ని మార్కరుతో గుర్తుపెట్టండి. రెండు చానళ్లూ కలిపి మోనోలో వింటూ, స్క్రూని ఎనిమిదో వంతు చుట్టుకి మించకుండా అటూ ఇటూ తిప్పండి. డ్రమ్ముల పక్కన హై-హ్యాట్ చప్పుడు, జనం చప్పట్లు ఎక్కడ అత్యంత పదునుగా వినబడతాయో అదే సరైన చోటు. ఇక్కడ చప్పట్లే మీకు కొలబద్ద. ప్రతి క్యాసెట్టుకీ, వైపు మారినప్పుడల్లా మళ్లీ చూసుకోవాలి.

ఆ రోజుల చేతి రికార్డర్లు దాదాపు అన్నీ మోనో. స్టీరియో డెక్కులో ఆడించినప్పుడు ఎడమ కుడి చానళ్లు రెండిట్లోనూ ఒకే శబ్దం వస్తుంది. రెండూ రికార్డు చేసి ఉంచుకుని, చివరికి బాగున్న ఒక్కటే వాడండి. ఎడమ చానలు రీలుకి సరిగ్గా అంచున ఉంటుంది. యంత్రం నమిలినప్పుడు ముడతపడేది ఆ అంచే. అందుకని ముడతలున్న క్యాసెట్టులో కుడి చానలు బాగుంటుంది. టేపు బుసని తగ్గించే డాల్బీ స్విచ్చి ఆపేసి ఉంచండి, ఆ చిన్న రికార్డర్లలో డాల్బీ ఉండేది కాదు. ఎవరి దగ్గరో డెక్కులో కాపీ చేయించి అట్ట మీద డాల్బీ అని టిక్కు పెట్టి ఉంటే మాత్రం ఆ రకం ఆన్ చేయండి.

ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలోకి నేరుగా వైరు పెడితే శబ్దం పగులుతుంది. లైన్-ఇన్ ఉన్న చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ తీసుకుని డెక్కు లైన్-అవుట్ నుంచి దానికి కలపండి. టూ-ఇన్-వన్ అయితే హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి, వాల్యూమ్ సగం దగ్గర ఉంచి తీయండి. రికార్డు చేసేంతసేపూ ల్యాప్‌టాప్ చార్జరు పీకేసి బ్యాటరీ మీదే నడపండి. చార్జరు వల్ల వచ్చే గుయ్యిమనే శబ్దం రికార్డింగులోకి దూరితే, కింద చెప్పబోయే వేగం లెక్కంతా తప్పుతుంది. ఆడాసిటీ అనే రికార్డింగు సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతుంది, అది చాలు. 24-బిట్, 48 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైలుగా. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్ఏ చెప్పే కనీస ప్రమాణం కూడా ఇదే. గరిష్ఠ శబ్దం -6 డెసిబెల్ దాటకుండా చూసుకోండి. సి-90 క్యాసెట్టు ఒకటి రెండు వైపులా కలిపి ఒకటిన్నర జీబీ అవుతుంది. మధ్యలో ఆపకండి, పాటలుగా కోయకండి, వైపు మొదట్నుంచి చివరిదాకా ఒకే ఫైలు. ఎంపీ3 తరవాత ఎప్పుడైనా చేసుకోవచ్చు.

ఇప్పుడు వేగం సంగతి. ఆ రికార్డర్లు సెల్లుల మీద నడిచేవి. కచేరీ సాగేకొద్దీ సెల్లులు నీరసించి మోటారు నెమ్మదించేది. నెమ్మదిగా తిరుగుతూ రికార్డైనదాన్ని ఇవాళ సరైన వేగంతో ఆడిస్తే శబ్దం పైకి పోతుంది. మొదటి పాటలో మామూలుగా ఉన్న గొంతు చివరికొచ్చేసరికి పిల్లవాడి గొంతులా మారడానికి కారణం అదే. ఇందులో గాయకుడి తప్పూ లేదు, క్యాసెట్టు తప్పూ లేదు.

దీన్ని సరిచేయడానికి ఆధారం ఆ టేపులోనే ఉంది. స్టేజి యాంప్లిఫయర్ల నుంచి వచ్చే కరెంటు గుయ్యిమనే మోత చాలా రికార్డింగుల్లో పాటల మధ్య నిశ్శబ్దంలో దొరుకుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ మోత 50, 100, 150 దగ్గర గీతలుగా రావాలి. ఆడాసిటీలో స్పెక్ట్రోగ్రామ్ చూపు (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దముందో బొమ్మగా చూపేది) పెట్టి 200 హెర్ట్జ్ దాకా పెద్దది చేసి చూడండి. 100 దగ్గర ఉండాల్సిన గీత 103 దగ్గర ఉంటే టేపు మూడు శాతం వేగంగా ఆడుతోందన్నమాట. వేగాన్ని 0.971తో గుణించాలి. గీత మొదట్లో 100 దగ్గర మొదలై నెమ్మదిగా 106కి ఎక్కుతుంటే సెల్లులు ఎలా నీరసించాయో కళ్లకి కట్టినట్టు కనబడుతుంది. అప్పుడు మొత్తానికి ఒకే మార్పు చాలదు. వేగాన్ని ఎక్కడికక్కడ మార్చే టైమ్ ట్రాక్ పెట్టి, అయిదు నిమిషాలకొక బిందువు చొప్పున, గీత ఎంత ఎక్కిందో వేగాన్ని అంత తగ్గించుకుంటూ పోవాలి.

అయితే ఈ గీతని గుడ్డిగా నమ్మకండి. 1980లలో మన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 దగ్గర నిలకడగా ఉండేది కాదు. 49 కిందికి దిగడం మామూలే. 2002-03లో కరెంటు వాడకానికి కొత్త చార్జీల విధానం వచ్చాకే అది దారిలో పడింది. పైగా ఆరుబయట కచేరీలు జనరేటరు మీద నడిస్తే దాని లెక్క దానిదే. కాబట్టి వేగం ఎలా మారుతూ వచ్చిందో తెలుసుకోవడానికి మోత పనికొస్తుంది. అసలు స్థాయి ఎంతో తేల్చడానికి వాద్యాలే సాక్ష్యం. కీబోర్డు, మౌత్ ఆర్గాన్ లాంటివి స్థిరమైన శ్రుతిలో ఉంటాయి కాబట్టి వాటితో సరిచూడటం అన్నిటికన్నా నమ్మకం. గిటారుతో చూసేటప్పుడు జాగ్రత్త. చాలా రాక్ బృందాలు స్టేజి మీద తీగల్ని అర స్వరం దించి కట్టుకుంటాయి. అర స్వరం అంటే దాదాపు ఆరు శాతం. దించి కట్టిన గిటారు, ఆరు శాతం వేగంగా ఆడే టేపు, ఈ రెండూ కలిస్తే అంతా సరిగ్గా ఉన్నట్టే వినబడుతుంది. ఆ అనుమానం వస్తే పాటల మధ్య మాట్లాడే మనిషి గొంతు సహజంగా ఉందో లేదో వినండి. స్టూడియో రికార్డుతో పోల్చేటప్పుడు పాట నడక చూడకండి, స్థాయి మాత్రమే చూడండి. స్టేజి మీద డ్రమ్మరు ఊపులో వేగం పెంచడం కచేరీ ధర్మం. దాన్ని మీరు తగ్గించేస్తే ఆ రాత్రి ఉత్సాహమంతా నీరుగారిపోతుంది.

ఇక మీరడిగిన గోల తీసే పని. సాఫ్ట్‌వేర్లో నాయిస్ రిడక్షన్ అనే మీట ఉంటుంది. అది బుస్సుమనే టేపు శబ్దాన్ని నమూనాగా తీసుకుని అలాంటిదంతా కోసేస్తుంది. సింబల్స్, చప్పట్లు, ఈలలు, గాయకుడి పెదాల మీది "స" అక్షరం, అన్నీ ఆ ప్రాంతంలోనే ఉంటాయి. కోత తరవాత మిగిలేది నీళ్లలో మునిగి పాడినట్టుండే శబ్దం. రంగ్ భవన్‌లో రికార్డు చేసిన క్యాసెట్లు ఉంటే వాటికి ఇంకో కారణం ఉంది. బొంబాయి ధోబీ తలావ్ దగ్గరి ఆ వేదిక ఆరుబయలుది. ఇండిపెండెన్స్ రాక్ ఉత్సవం అక్కడ స్వాతంత్ర్య దినం చుట్టుపక్కల, అంటే నిండు వానాకాలంలో జరిగేది. టేపు బుస అనుకున్నది వాన కావచ్చు. చెవి పెట్టి వింటే తేడా తెలుస్తుంది. టేపు బుస ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది. వాన పెరుగుతుంది, తగ్గుతుంది, దానితోపాటు జనం కేకలూ పెరుగుతాయి. దాన్ని తుడిచేస్తే మళ్లీ ఎక్కడా దొరకదు.

డ్రమ్ము గట్టిగా మోగినప్పుడల్లా మిగతా అంతా ఒక్క క్షణం అణిగి మళ్లీ పైకి లేస్తున్నట్టు వినబడుతుంది. చేతి రికార్డర్లు శబ్ద స్థాయిని తమంతట తాము సర్దుకునేవి, దాని ఫలితం అది. సరిచేయడం కుదరదు, ప్రయత్నిస్తే ఇంకా పాడవుతుంది. చేయదగ్గది కొంచెమే: 40 హెర్ట్జ్ కింద ఉన్న దడదడ తీసేయండి, 300 హెర్ట్జ్ దగ్గర రెండు మూడు డెసిబెళ్లు తగ్గిస్తే డబ్బాలోంచి వస్తున్నట్టుండే గుణం తగ్గుతుంది, 4 కిలోహెర్ట్జ్ పైన రెండు డెసిబెళ్లు పెంచితే మాట స్పష్టమవుతుంది. సంచికి చెయ్యి తగిలిన టపటప ఒకటో రెండో మరీ చెవికి గుచ్చుకుంటే ఆ చోట మాత్రం స్థాయి దించండి. ఇదంతా కాపీ మీదే, అసలు ఫైలుని ముట్టుకోకూడదు.

ఏ క్యాసెట్టు ఏ కచేరీదో తేల్చడానికి కూడా పాటల మధ్య స్టేజి మీద మాట్లాడే మాటలే ఆధారం. అట్ట మీద ఏమీ లేకపోయినా స్టేజి మీంచి బృందం పేరు చెబుతారు. ద పోలీస్ బృందం బొంబాయిలో వాయించింది 1980 మార్చిలో. ఇండిపెండెన్స్ రాక్ మొదలైంది 1986లో, కాబట్టి ఆ పేరు వినబడితే అంతకు ముందుది కాదు. రాక్ మెషీన్ బృందం 1984లో పుట్టి 1993లో ఇండస్ క్రీడ్ అని పేరు మార్చుకుంది. ఏ పేరుతో పిలిచారో వింటే కాలం తెలిసిపోతుంది. అట్ట మీద "ఢిల్లీ 88" అని ఉన్నది మాత్రం 1988 సెప్టెంబరు 30న జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ మానవ హక్కుల కచేరీ అయ్యే అవకాశం ఎక్కువ. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, స్టింగ్, పీటర్ గేబ్రియల్, ట్రేసీ చాప్‌మన్, యూసూ ఎన్‌దూర్ ఒకే వేదిక మీద పాడిన రోజు అది. ఒకటికి మించి క్యాసెట్లు ఉంటే వరస కలపడానికి ఒక క్యాసెట్టు చివర తెగిన పాట ఇంకోదాని మొదట్లో ఉందేమో చూడండి. తిరగేసే లోపు పోయిన పావు నిమిషం ఎటూ దొరకదు, దాన్ని స్టూడియో రికార్డుతో అతికించకండి. ఈ క్యాసెట్లని ఇంట్లో వినడంలో ఇబ్బంది లేదు. యూట్యూబ్‌లో పెట్టడం మాత్రం కళాకారుల హక్కులతో ముడిపడిన వేరే సంగతి, జోలికి వెళ్లకండి.

టికెట్లు లామినేషన్ చేయించొద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే బజారుకెళ్తే ముందు ఇచ్చే సలహా అదే. వేడి జిగురు కాగితంలోకి ఇంకిపోతుంది, మళ్లీ ఎవరూ విడదీయలేరు. గుండుపిన్నులో స్టేపుల్ పిన్నులో తుప్పుపట్టి ఉంటే లాగకుండా వెనక కాళ్లు సన్నటి బ్లేడుతో లేపి తీయండి. 600 డీపీఐలో రెండు వైపులా స్కాన్ చేసి, పాలియెస్టర్ కవర్లో పెట్టండి. మెత్తని పీవీసీ కవర్లు వద్దు, సిరా వాటికి అంటుకుంటుంది. 2000 తరవాతి టికెట్లు ఏవైనా ఉండి అవి నున్నటి థర్మల్ కాగితమైతే వాటినే ముందు స్కాన్ చేయండి, అక్షరాలు వాటంతటవే వెలిసిపోతాయి. టీషర్టుని తిరగేసి చన్నీళ్లలో చేత్తో ఉతికి నీడన ఆరేయండి, బొమ్మ మీద ఇస్త్రీ పెట్టొద్దు. మడిస్తే మడత దగ్గర రంగు పగులుతుంది, చుట్టి పెట్టండి.

ట్రంకు పెట్టెలో కలరా ఉండలు వేసి ఉంటే వెంటనే తీసేయండి. పట్టుచీరల పెట్టెల్లో వేసినట్టే అందరూ వేస్తారు గానీ, వాటి ఆవిరికి క్యాసెట్టు డబ్బాల ప్లాస్టిక్ మెత్తబడి జిగటగా తయారవుతుంది. పని అయ్యాక అసలు క్యాసెట్లు పారేయకండి. రేపు ఇంతకన్నా మంచి యంత్రంతో మళ్లీ ఎక్కించుకోవచ్చు. ఒకవైపుకి పూర్తిగా చుట్టి, నిలువుగా నిలబెట్టి, సిలికా జెల్ ఉన్న మూత డబ్బాలో, బయటి గోడకి ఆనని అలమారాలో పై అర మీద ఉంచండి. స్పీకర్లకీ వోల్టేజి స్టెబిలైజరుకీ దూరంగా. జెల్ రంగు మారితే 120 డిగ్రీల ఓవెన్లో గంటన్నర వేడి చేస్తే మళ్లీ పనిచేస్తుంది. తుపాను హెచ్చరిక వస్తే ఆ డబ్బాని రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి పైకి చేర్చండి. ఫైళ్లు ఇంట్లో హార్డ్‌డిస్కు మీద ఒకటి, వేరే ఊళ్లో ఉన్న బంధువు దగ్గర ఒకటి, ఆన్‌లైన్లో ఒకటి ఉండాలి. అన్నీ బరంపురంలోనే ఉంటే ఒక్క వరదకి అన్నీ పోతాయి.

వినిపించే రోజుకి కొన్ని మాటలు. డెబ్భై ఏళ్లకి పైస్థాయి శబ్దాలు వినబడటం తగ్గుతుంది. ఫోను స్పీకరు మీద వినిపిస్తే ఆయనకి రొదే తప్ప పాట చేరదు. రెండు మంచి స్పీకర్లు ఆయన చెవి ఎత్తున, ఆరడుగుల దూరంలో పెట్టండి. చెవి మిషను వాడుతుంటే దానిలో సంగీతం కోసం వేరే అమరిక ఉందేమో ముందే ఆడియాలజిస్టుని అడగండి. మామూలు అమరికలో అది జనం చప్పుడుని రొదగా లెక్కేసి అణిచేస్తుంది, మీరు ఇంత కష్టపడి దాచింది అక్కడ పోతుంది. పాటతో మొదలుపెట్టకండి. పాటకి ముందున్న జనం సందడి ఒక నిమిషం వినిపించండి. ఏ ఊరు, ఎక్కడ నిలబడ్డారు, పక్కన ఎవరున్నారు అన్నది ఆయనకి ఆ నిమిషంలోనే గుర్తుకొస్తుంది.

ఆయన మాట్లాడేది కూడా రికార్డు చేయండి. ఫోను ఆయన ఛాతీకి రెండడుగుల దూరంలో పెట్టి, కచేరీ ఫైలు మొదలుపెట్టిన క్షణంలో ఒక్క చప్పట కొట్టండి. తరవాత రెండు రికార్డింగుల్నీ పక్కపక్కన పెట్టి కలుపుకోవడానికి ఆ చప్పట గుర్తుగా ఉంటుంది. ఆయన మాటకి మధ్యలో అడ్డురాకండి, తేదీలు సరిదిద్దకండి. తేదీలు టికెట్టు చెబుతుంది. అడగాల్సినవి: రికార్డరు ఏ కంపెనీది, సంచిలో ఎలా దాచారు, ఎన్ని సెల్లులు మార్చారు, టికెట్టు ఎంత, తిరిగి ఇంటికి ఎలా వెళ్లారు. రికార్డరు కంపెనీ, సెల్లుల సంగతి వేగం సరిచేయడానికి మీకే పనికొస్తుంది కాబట్టి ఆ రెండూ పుట్టినరోజు దాకా ఆగకుండా ఇప్పుడే అడిగేయండి.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య గాలి పొడిగా ఉంటుంది, బూజు పని అప్పుడు పెట్టుకోవడం మంచిది. బూజులేని క్యాసెట్లు ఈ వారమే మొదలుపెట్టొచ్చు. క్యాసెట్ల షెల్‌లు స్క్రూల రకమో అతికించినవో, ఇంట్లో దొరికిన ప్లేయరు ఏదో ఫోటోలు పెట్టండి. ఏ స్క్రూ ఎటు తిప్పాలో ఆ మోడలుని బట్టి చెబుతాను.